ఆగిన సైకిల్ పక్కన మరో సైకిల్

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా రోజూ తిరిగే రోడ్డు మీద, పక్కవాడి కోసం దిగేవాళ్ల గురించి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి నలభై కిలోమీటర్లు దాటిన దారి. తాడ్వాయి, లింగంపేట్ మీదుగా పడమటికి పోతుంది. ఎల్లారెడ్డికి రైలు లేదు. ఉన్నదల్లా ఈ రోడ్డూ, మెదక్ వైపు నుంచి పోచారం చెరువు పక్కగా వచ్చే రోడ్డూ, బాన్సువాడ వైపు పోయే రోడ్డూ. బస్సులు, ఆటోలు, కోతల కాలంలో హార్వెస్టర్లు, చెరుకు సీజన్‌లో నిండా లోడెత్తిన ట్రాక్టర్లు అన్నీ వీటి మీదే. వాటి పక్కన, తారు అంచున, పొద్దు పొడవకముందే సైకిళ్లు కదులుతాయి. హ్యాండిల్‌కు రెండు వైపులా పాల క్యాన్లు వేలాడేసినవాళ్లు, పేపర్ వేసే పిల్లలు, టౌన్ హోటల్‌లో గిన్నెలు కడగడానికి పోయేవాళ్లు, రాత్రి వాచ్‌మన్ డ్యూటీ దిగి ఇంటికి మళ్లిన ముసలాయన, బావి కాడ మోటరు చూసి రావడానికి బయల్దేరిన రైతు. వీళ్లలో ఎవరూ ఆ నలభై కిలోమీటర్లూ తొక్కరు. ఊరి నుంచి పక్క ఊరికి, అక్కడి నుంచి మండల కేంద్రానికి, ఐదో పదో కిలోమీటర్లు. కానీ రోజూ తొక్కుతారు.

ఆ ఐదు, పది కిలోమీటర్ల నడుమ, రెండు ఊళ్లకూ సమాన దూరంలో, టైరు ఫుస్సుమంటే ఏం చేయాలి?

మోటార్ సైకిల్ ఆగినవాడికి ఫోన్ ఉంటుంది, రప్పించుకోవడానికి ఎవరో ఒకరుంటారు, జేబులో కొంత డబ్బుంటుంది. ఈ రోజుల్లో కూడా సైకిల్ మీద పనికి పోతున్నాడంటే ఆ మనిషికి వేరే దారి లేకనే. గంట ఆలస్యమైతే మేస్త్రీ ఇంకొకరిని పనిలోకి తీసుకుంటాడు. పాలకేంద్రం మూసేస్తే పాలు ఇంటికి తిరిగొస్తాయి. వాటిని సాయంత్రం దాకా ఎండలో ఎవరూ కాపాడలేరు. నాలుగు చక్రాల వాళ్లకు పంక్చర్ ఒక చికాకు. క్యారియర్ మీద సద్ది గిన్నె కట్టుకున్న మనిషికి అది ఆ పూట కూలి. అందుకే ఆ మనిషి పక్కన ఇంకొకరు ఆగి "ఏమైంది తమ్మీ?" అని అడగడాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

ముల్లు, వాల్‌ట్యూబు, చైను

ఈ ప్రాంతంలో సైకిల్‌కు మొదటి శత్రువు ముల్లు. రోడ్డుకు రెండు పక్కలా సర్కారు తుమ్మ అల్లుకుని ఉంటుంది. కంచెకని కొమ్మలు నరికి ఈడ్చుకుపోతే, ఈడ్చినంత మేరా ముళ్లు రాలుతాయి. మేకల కాపరులు నల్లతుమ్మ మండలు కొట్టి మేపితే, ఆకులు మేకలకు, ముళ్లు దారికి. వానలు వెనకబడ్డాక పల్లేరు కాయలు. వాటిది విచిత్రమైన పుట్టుక, ఎలా పడినా ఒక ముల్లు మీదికే చూస్తుంటుంది. ముల్లు గుచ్చుకున్న వెంటనే గాలి పోదు. ముల్లే రంధ్రానికి బిరడాలా నిలుస్తుంది. ఓ కిలోమీటరు తొక్కాక, లేదా తెలియక పీకేశాక, టైరు కూలబడుతుంది. ముల్లు కనబడగానే పీకొద్దని పాతవాళ్లు చెప్పేది ఇందుకే. దుకాణం దగ్గరుంటే ముల్లుతోనే తొక్కుకుంటూ పోవడం మేలు.

రెండోది వాల్‌ట్యూబు. పాత నమూనా సైకిల్ వాల్వు లోపల చిటికెన వేలంత పొడవు కూడా లేని సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది. గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. ఎండకు అది పెళుసెక్కి చీలిందంటే టైరు ఖాళీ. తెలియనివాళ్లు పంక్చర్ అనుకుని మైళ్లు నెట్టుకుంటూ పోతారు. తెలిసినవాడు వాల్వు విప్పి, వేలికి ఉమ్మి తడి రాసి, కొత్త ముక్క ఎక్కించి గాలి కొట్టేస్తాడు. టీ చల్లారేలోపు అయ్యే పని. కాకపోతే ఆ ముక్కా, పంపూ ఉండాలి.

చైను కథ వేరు. వదులైన చైను పళ్ల మీంచి జారి, ఫ్రీవీల్‌కూ స్పోకులకూ నడుమ ఇరుక్కుంటుంది. ఒక్కడే అయితే సైకిల్ పడకుండా పట్టుకోవాలా, చక్రం తిప్పాలా, చైను లాగాలా? రెండు చేతులు చాలవు. ఇంకో మనిషి వచ్చి వెనక చక్రం లేపి పట్టుకుంటే చాలు, పెడల్ వెనక్కి తిప్పుతూ ఎక్కించేయొచ్చు. ఆ వచ్చిన మనిషికి రిపేరు రానక్కర్లేదు, పానా ఉండక్కర్లేదు. పట్టుకోవడం వస్తే చాలు. కాటర్ పిన్ను వదులై పెడల్ కుంటుతుంటే దారి పక్కన రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేయాలి. అప్పుడు కూడా అవతలి వైపు నుంచి ఒత్తి పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. సైకిల్‌ను ఒంటరిగా తొక్కొచ్చు గానీ, చెడిపోతే బాగుచేసుకోవడానికి ఇద్దరైతేనే వీలు.

అక్కడికక్కడ ఏమీ కాకపోతే ఇంకో పద్ధతుంది. సైకిల్ మంచిగున్న మనిషి ఒక చేత్తో తన హ్యాండిల్, ఇంకో చేత్తో చెడిపోయిన సైకిల్ హ్యాండిల్ పట్టుకుని తొక్కుతాడు. సైకిల్ పోయిన మనిషి క్యారియర్ మీద కూర్చుంటాడు. పల్లె రోడ్డు మీద, లారీలు లేని వేళ, తర్వాతి ఊరి దాకా ఇలా రావడం ఈ దిక్కున చిన్నప్పటి నుంచి అందరూ చేసిందే. జాతీయ రహదారి మీద మాత్రం ఇది ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అక్కడ దిగి నడిపించాలి, అదీ తెల్లగీత బయటి నుంచే.

తొందరలో ఉన్నవాళ్లు

సాయం చేయడానికి మంచితనం కంటే ముందు ఇంకోటి కావాలని చెప్పిన పరిశోధన ఒకటుంది. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు దాన్ని ప్రచురించారు. ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మతబోధ చదువుకుంటున్న 40 మంది విద్యార్థులను తీసుకున్నారు. పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయాలన్నారు. కొందరికి ఇచ్చిన అంశం, దెబ్బలు తిని దారిలో పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్న సమరయుడి కథ. ఇంకొందరికి ఉద్యోగావకాశాల గురించి. కొందరితో "ఇంకా టైముంది" అన్నారు, కొందరితో "సరిగ్గా టైమయింది" అన్నారు, కొందరితో "ఇప్పటికే ఆలస్యమైంది, పరుగెత్తు" అన్నారు. దారిలో ఒక గుమ్మం దగ్గర ఒక మనిషి దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉన్నాడు. అతన్ని అక్కడ పెట్టింది పరిశోధకులే.

టైమున్నవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక విధంగా ఆదుకున్నారు. మధ్యస్థంగా ఉన్నవాళ్లలో 45 శాతం. ఆలస్యమైందని చెప్పించుకున్నవాళ్లలో 10 శాతం. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్నది పెద్ద తేడా తేలేదు. దారిలో పడ్డవాణ్ని ఆదుకోవడం గురించే మాట్లాడబోతున్నవాళ్లు కూడా, తొందరలో ఉంటే, ఆ మనిషిని దాటుకుని వెళ్లిపోయారు.

ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు లింగంపేట్ రోడ్డు గుర్తొస్తుంది. పొద్దున ఆరింటికి పాల క్యాన్లతో పోయే మనిషి కంటే తొందరలో ఉన్నవాళ్లెవరు? అయినా అతను ఆగుతాడు. కాలు కింద ఆనించి, క్యాన్లు తొణక్కుండా హ్యాండిల్ సరిచేసుకుని, "గాలి పోయిందా? పంపు ముందటూర్ల ఉన్నది, నేను చెప్పి పోత, నువ్వు నడిపించుకుంట రా" అంటాడు. పూర్తి సాయం చేయలేకపోయినా, ముందున్న ఊళ్లో ఒక మాట చెప్పి పోతాడు. ఎందుకంటే ప్రిన్స్‌టన్ గుమ్మం దగ్గర కూలబడ్డది ఎవరో. ఇక్కడ ఆగినవాడు ఫలానా వాళ్ల అల్లుడు, నిన్న సంతలో కనబడ్డవాడు, రేపు తన చైను పడితే ఇదే దారిన ఎదురొచ్చేవాడు. తొందర కంటే ఎరుక పెద్దది.

సరిగ్గా ఈ ఎరుకే 44వ నంబరు జాతీయ రహదారి మీద లేదు. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే ఆ నాలుగు వరుసల రోడ్డు కామారెడ్డిని ఒరుసుకుంటూ పోతుంది. అక్కడ అందరూ పరాయివాళ్లే, అందరూ తొందరలో ఉన్నవాళ్లే. పైగా జనం ఎక్కువయ్యే కొద్దీ 'ఎవరో ఒకరు చూసుకుంటార్లే' అనుకోవడం పెరుగుతుందని ఇదే డార్లీ, బిబ్ లటానే అనే సహచరుడితో కలిసి 1968లోనే చూపించాడు. మూడు సైకిళ్లు తిరిగే పల్లె దారిలో నేను ఆగకపోతే ఎవరూ ఆగరని తెలుసు. మూడు వేల బండ్లు పోయే దారిలో ఆ మాట ఎవరికీ తట్టదు.

2020 వేసవి ఒక్కటే ఆ రహదారికి వేరే ముఖం చూపింది. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి ఉత్తరాదికి కూలీలు ఇదే దారిన నడిచి పోయారు. కొందరు ఉన్న డబ్బంతా పెట్టి సైకిళ్లు కొనుక్కుని తొక్కారు. కామారెడ్డి మీదుగా నిర్మల్, ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోకి. దారి పొడవునా ఊళ్ల వాళ్లు అన్నం పొట్లాలు, మజ్జిగ, చెప్పులు పట్టుకుని రోడ్డెక్కారు. వాళ్లు కూడా పరాయివాళ్లే. కానీ ఆ రోజు తొందర ఎవరికీ లేదు, ప్రపంచమంతా ఆగిపోయి ఉంది.

దుకాణం మూతపడ్డాక

ఒకప్పుడు ఈ ఊళ్లలో సైకిల్ టాక్సీ ఉండేది. గంటకింతని అద్దెకు ఇచ్చేవాళ్లు, అక్కడే పంక్చర్ వేసేవాళ్లు, అక్కడే పిల్లలు అడ్డకాలు తొక్కడం నేర్చేవాళ్లు. ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి బుడగలు చూసే ఆ మనిషి దగ్గర ఊరి కబుర్లన్నీ దొరికేవి. ఇప్పుడు ఉన్న దుకాణాల్లో ఎక్కువ వాటికి బైకులే ఆధారం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది, 21 శాతం ఇళ్లలో మోటారు ద్విచక్ర వాహనం. ఆ లెక్క తర్వాత ఈ రోడ్డు మీద ఏం జరిగిందో చూడ్డానికి కళ్లు చాలు. సైకిల్ పరిశ్రమలో పెద్ద పేరైన అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు. బైకులకు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాక వాటి పంక్చర్ పద్ధతే మారింది. సైకిల్ ట్యూబు విప్పి ప్యాచ్ వేయడం శ్రమ ఎక్కువ, వచ్చేది తక్కువ. దుకాణందారును తప్పు పట్టలేం, అతనికీ కిరాయి కట్టాలి.

ఫలితం మాత్రం సైకిల్ తొక్కేవాడి మీద పడింది. ఊరూరా ఉన్న పంపు మండలానికొకటి అయింది. దుకాణాలు తగ్గిన మేరకు, ఆగే మనిషి విలువ పెరిగింది. ఈ రోడ్డు మీద సైకిల్‌ను ఇంకా పనికొచ్చే వాహనంగా నిలబెట్టి ఉంచింది తోటి సైకిల్ వాళ్లేనని నేను నమ్ముతాను. వాళ్లు ఆగడం మానేస్తే, పనికి సమయానికి చేరతామన్న ధీమా పోతుంది. అది పోయిన రోజు, అప్పు చేసైనా బండి కొంటారు, లేదా ఆ పని మానుకుంటారు.

రోడ్డు కూడా సైకిల్ వైపు లేదు. కోతలయ్యాక వడ్లు ఆరబోసేది రోడ్డు మీదే. చుట్టూ రాళ్లు పేరుస్తారు. సగం రోడ్డు వడ్లకు పోతే మిగతా సగంలో బస్సుతో పాటు సైకిల్ పోవాలి. వడ్లు ఆరబోసే రైతుకు కల్లం లేదు, సైకిల్ మనిషికి దారి లేదు, ఇద్దరూ ఒకే ఊరి వాళ్లు. 2025 ఆగస్టు చివరి వారంలో వచ్చిన వరద జిల్లాను ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఎన్నో రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. తెగిన రోడ్డును అతకడం ఎలాగూ జరుగుతుంది, కోసుకుపోయిన అంచును నింపడం చివరికి గానీ జరగదు. సైకిల్ పోయేది ఆ అంచు మీదే.

హెల్మెట్ సైకిళ్లు, సద్దిగిన్నె సైకిళ్లు

ఆదివారాలు జాతీయ రహదారి మీద ఇంకో రకం సైకిళ్లు కనబడతాయి. గేర్లు, హెల్మెట్, బిగుతు బట్టలు, వెనక ఎర్రగా మెరిసే లైటు. కొందరు సరదాకు, కొందరు బ్రెవే అనే దూరప్రయాణాల కోసం. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. ఈ పద్ధతికి మూలం ఫ్రాన్స్. అక్కడ 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ 1200 కిలోమీటర్ల ప్రయాణానికి మన దేశం నుంచీ వెళ్లి తొక్కివస్తున్నారు. వెనకాల కారు పెట్టుకోవడం ఇందులో నిషిద్ధం. నిర్ణయించిన మజిలీల్లో తప్ప బయటి సాయం తీసుకోకూడదు. కానీ తోటి సైకిలిస్టు ఆగి ట్యూబ్ ఇస్తే తప్పులేదు.

ఒకప్పుడు పందేల్లో ఆ వెసులుబాటు కూడా లేదు. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారుకు తుర్మలే కొండ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. సైకిల్ భుజానేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్లో కమ్మరి కొలిమి చేరాడు. ఎవరి సాయమూ తీసుకోకూడదని నిబంధన. పందెం అధికారులు పక్కనే నిలబడి చూస్తుండగా తానే ఇనుము కాల్చి, తానే కొట్టి, గంటల తరబడి శ్రమపడి ఫోర్కు అతికాడు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి కొలిమి తిత్తి ఊదింది అక్కడి కుర్రవాడు. ఆ మాత్రానికే క్రిస్టోఫ్‌కు పది నిమిషాల జరిమానా వేశారు, తర్వాత దాన్ని మూడుకు తగ్గించారు. ఆ అధికారుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. తిత్తి ఊదిన కుర్రవాణ్ని నూరేళ్లు దాటినా చెప్పుకుంటున్నారు.

హెల్మెట్ సైకిల్ కామారెడ్డి దగ్గర ఆగిపోతే ఒక చిక్కుంది. దాని వాల్వు చాలాసార్లు సన్నగా, పొడుగ్గా ఉండే ప్రెస్టా రకం. మన దుకాణంలో పంపు దానికి పట్టదు, మధ్యలో ఇత్తడి అడాప్టర్ ముక్క ఒకటి ఉండాలి. అది చిన్న నాణెం కంటే చిన్నది, రెండు వేళ్లతో బిగించొచ్చు. నగరం నుంచి వచ్చేవాళ్లు దాన్ని వాల్వుకే బిగించి ఉంచుకుంటే ఈ జిల్లాలో ఏ పంపుతోనైనా గాలి కొట్టించుకోవచ్చు. వాళ్లను ఇంకోటి కూడా అడగాలి. మీ సంచిలో ప్యాచ్, సొల్యూషన్, చిన్న పంపు ఎలాగూ ఉంటాయి. రోడ్డు పక్కన మీలాంటి సైకిల్ ఆగితే మీరు ఆగుతారు, మంచిదే. పాల క్యాన్ల సైకిల్ ఆగినా ఆగండి. సొల్యూషన్ ఏ రబ్బరుకైనా ఒకటే. వాల్‌ట్యూబు ముక్కలు నాలుగు కొని సంచిలో వేసుకుంటే బరువేమీ పెరగదు.

ఆగినవాణ్ని నమ్మడం ఎలా

ఇంతవరకు చెప్పిందంతా మగవాళ్ల రోడ్డు గురించే అయింది. బడికి సైకిల్ మీద పోయే ఆడపిల్ల టైరు సాయంత్రం ఆరింటికి కూలబడితే?

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద జరిగింది తెలంగాణలో ఏ తల్లీ మరచిపోలేదు. ఆగిన స్కూటీ, టైర్లో గాలి లేదన్న మాట, సాయం చేస్తామంటూ వచ్చిన మనుషులు. 'దిశ' అని దేశం పిలుచుకున్న ఆ అమ్మాయిని చంపినవాళ్లు ఒక ప్రాణంతో పాటు ఇంకోటి కూడా దోచుకున్నారు. దారిలో ఆగిన ఆడమనిషికి, ఆదుకోవడానికి వచ్చినవాణ్ని నమ్మే వీలు లేకుండా చేశారు. అందుకే ఇవాళ ఒక మంచి మనిషి ఆగితే, ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఆ వెనకడుగును చూసి నొచ్చుకోకూడదు. అది ఆమె హక్కు.

అలాంటప్పుడు ఎలా ఆగాలో కూడా తెలిసి ఉండాలి. కొంచెం దూరంలోనే దిగాలి. "బిడ్డా, మీ ఇంటికి ఫోన్ చేసుకుంటవా? ఇగో ఫోన్" అని ఇచ్చి పక్కకు జరగాలి. దారిన పోయే ఆడవాళ్లు ఎవరైనా, బీడీల కార్ఖానా నుంచి వచ్చే అమ్మలక్కలో, నాట్లేసి వచ్చే కూలీలో కనబడితే ఆపి వాళ్లకు అప్పగించాలి. సైకిల్ బాగుచేస్తానని చీకట్లో ఇంకో చోటికి రమ్మనకూడదు. ఇంటివాళ్లు వచ్చేదాకా రోడ్డు మీదే, నలుగురికీ కనబడే చోట ఉండాలి. పోలీసుల 'టి–సేఫ్' సేవ 2024 నుంచి ఉంది, ప్రయాణాన్ని వాళ్లు గమనిస్తూ ఉంటారు. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ దాన్ని ఎలా వాడాలో నేర్పాలి. కానీ ఫోన్ లేని పిల్లకు అది చాలదు, దారిలో మనుషులే కావాలి.

పంక్చర్ కాక ప్రమాదమే అయితే, ఆగడానికి జంకేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోలీసు కేసు చుట్టుకుంటుందన్న భయం పాతదే. దానికి 2016 మార్చి 30న సుప్రీంకోర్టు మందు వేసింది. ఆదుకున్నవాళ్లకు రక్షణగా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అందరూ పాటించి తీరాలంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, గాయపడ్డవాణ్ని మంచి మనసుతో ఆదుకున్నవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. ఇష్టం లేకపోతే పేరు, చిరునామా చెప్పాల్సిన పని లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. సైకిల్ మీద పోయేవాళ్లే నాలుగు వేలకు పైగా. వాళ్లలో ఎందరు సమయానికి ఎవరూ ఆగకపోవడం వల్ల పోయారో ఏ నివేదికా చెప్పదు.

గొలుసు కట్టిన పంపు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. నెత్తిన సౌర ఫలకాల నీడ, రాత్రి వెలుతురు. మంచి పనే, అలాంటివి ఇంకా రావాలి. ఎల్లారెడ్డి రోడ్డు మీద మాత్రం సౌర ఫలకాలూ వద్దు, ప్రత్యేక ట్రాకూ ఇప్పట్లో రాదు. ఒక కాలిపంపు చాలు.

తాడ్వాయిలో ఒకటి, లింగంపేట్‌లో ఒకటి, ఎల్లారెడ్డిలో ఒకటి. నడుమ పెద్ద ఊళ్లలో ఇంకొన్ని. బస్ షెల్టర్ కంటే పొద్దున్నే తెరిచే టీ కొట్టు మంచి చోటు. కొట్టు మనిషి కంట పడుతుంటే పంపు పోదు. అయినా గొలుసు కట్టాలి. పక్కన ఒక డబ్బాలో టైరు విప్పే రెండు లివర్లు, ఒక పానా, గరుకు కాగితం, ప్యాచ్‌లు, సొల్యూషన్ ట్యూబ్, వాల్‌ట్యూబు ముక్కలు, ఒక ప్రెస్టా అడాప్టర్. గ్రామ పంచాయతీ ఖర్చుల్లో ఇది లెక్కకు రానంత చిన్న మొత్తం. పంచాయతీ పెట్టకపోతే ఊళ్లోని యువజన సంఘం, మహిళా సంఘం, బడి పూర్వ విద్యార్థులు పెట్టొచ్చు. సొల్యూషన్ మూత తీశాక ఎండిపోతుంది కాబట్టి నెలకోసారి మార్చే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు, అమ్మాయిలకూ అబ్బాయిలకూ కలిపి, ఒక శనివారం మధ్యాహ్నం పంక్చర్ వేయడం నేర్పితే, వాళ్లలో సగం మంది సాయంత్రానికల్లా ఇంట్లో పెద్దవాళ్ల సైకిల్ విప్పి కూర్చుంటారు. నేర్పడానికి ఊళ్లో పాత సైకిల్ టాక్సీ నడిపిన పెద్దాయన ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆయన్ని పిలిచి, కుర్చీ వేసి, ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి.